మీకిష్టమైన రాక్ బ్యాండ్ బేస్‌లైన్ నేర్చుకోవడం ఎలా? నాలుగు స్వరాలతో మొదలుపెట్టండి

“అన్నా, గిటార్ రాకుండా బేస్ వస్తాదా?” “నోటేషన్ చదవడం రాదు, ఫర్వాలేదా?” “ఫస్ట్ ఏ పాట పట్టుకోమంటావు?” తిరుపతిలో బేస్ (లోతైన స్వరాలు పలికే గిటార్) భుజానికి తగిలించుకుని తిరిగేవాళ్లను ఎవరైనా ఆపి అడిగేది ఈ మూడే. వస్తుంది. ఫర్వాలేదు. మూడోదానికి జవాబు కాస్త పెద్దది, అందుకే ఇలా రాస్తున్నాను.

నా ఓటు యూ2 బ్యాండ్‌కి. 1976లో డబ్లిన్‌లో మొదలైన ఈ బ్యాండ్‌కి బేస్ వాయించేది ఆడమ్ క్లేటన్. వేగంగా వేళ్లాడించి ఆశ్చర్యపరిచే మనిషి కాదు. పాటకు ఎంత కావాలో అంతే వాయిస్తాడు. 1987లో వచ్చిన ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాటనే తీసుకోండి. దాదాపు ఐదు నిమిషాల పాటలో బేస్ వాయించేది ప్రధానంగా నాలుగు స్వరాలు, ఒకే వరుసలో, మళ్లీ మళ్లీ. స్వరాలు గుర్తుపెట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. సమంగా, శుభ్రంగా, పాటంతా నిలబడి వాయించడానికే పని పడుతుంది. సరదా కూడా అందులోనే ఉంది.

ఏమేం కావాలి

నాలుగు తీగల బేస్ గిటార్. మామూలు బేస్‌కి బ్రిడ్జ్ (కింది చివర తీగలు ఆనే చోటు) నుంచి నట్ (పై చివర తీగలు ఆనే పట్టీ) దాకా తీగ పొడవు 34 అంగుళాలు ఉంటుంది. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ చూడండి, ఫ్రెట్లు (మెడ మీది అడ్డ కమ్మీలు) దగ్గరగా ఉంటాయి. మన ఊరి షాపుల్లో కీబోర్డులు, అకౌస్టిక్ గిటార్లు, తబలాలు దొరికినంత సులువుగా బేస్ దొరకదు. చాలాసార్లు “ఆర్డర్ పెడితే తెప్పిస్తాం” అంటారు. మొదటి బేస్‌ని మాత్రం చేత్తో పట్టుకోకుండా కొనకండి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్తే అన్నాసాలైలో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్ లాంటి చోట నాలుగైదు వాయించి చూసి తెచ్చుకోవచ్చు. కొనేముందు ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి మీటి చూడండి. ఎక్కడైనా జర్రుమంటే షాపులోనే సెట్టింగ్ చేయించండి, ఇంటికొచ్చాక చూసుకుందాం అనుకోవద్దు.

కొనడం ఇప్పుడే కుదరకపోతే ఎవరి దగ్గరైనా కొన్నాళ్లు అడిగి తెచ్చుకోండి. మన ఊళ్లో బేస్ వాయించేవాళ్లను వెతకాలంటే చర్చి క్వైర్లలో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో అడిగి చూడండి. అదీ కాకపోతే మామూలు గిటార్ చాలు. దాని పైనున్న నాలుగు లావు తీగల స్వరాల పేర్లు బేస్ తీగల పేర్లే, కాకపోతే ఒక స్థాయి పైన పలుకుతాయి. కింద చెప్పే ఫ్రెట్ నంబర్లన్నీ వాటికీ సరిపోతాయి.

చిన్న బేస్ ఆంప్ (శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె), లేదా బేస్‌కే గుచ్చుకునే హెడ్‌ఫోన్ ఆంప్. హాస్టల్లో, అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు రెండోదే మేలు. బేస్ శబ్దం గోడల్లోంచి వెళ్తుంది, మీకు తక్కువ అనిపించిన వాల్యూమ్ పక్కింటివాళ్లకు తక్కువ కాదు. ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కో, పాత టేప్‌రికార్డర్ స్పీకర్‌కో కలిపి గట్టిగా పెట్టొద్దు, కోన్ చిరిగిపోవచ్చు.

వైరున్న ఇయర్‌ఫోన్స్. ఇది తప్పనిసరి. బ్లూటూత్ వాటిలో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. మీరు మీటిన స్వరం మీకే లేటుగా వినిపిస్తే ఎంత సాధన చేసినా లయ కుదరదు. ఫోన్ స్పీకర్ కూడా పనికిరాదు. బేస్ లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంత కింది శబ్దాన్ని ఫోన్ స్పీకర్ పలికించలేదు. “పాటలో బేస్ ఎక్కడుందో వినపడట్లేదు” అనేవాళ్లలో చాలామంది ఫోన్ స్పీకర్లో వింటున్నవాళ్లే.

ట్యూనర్, మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్నిసార్లని సమంగా టిక్కుమనేది), తంబూరా యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. రికార్డ్ చేసుకోవడానికి ఫోన్ ఎలాగూ ఉంది.

1. శ్రుతి చేసుకోండి

లావు తీగ నుంచి సన్న తీగ వైపు ఈ, ఏ, డీ, జీ అని స్వరాల పేర్లు. కానీ తెలుగులో “ఈ తీగ”, “ఏ తీగ” అని రాస్తే నాకూ మీకూ గందరగోళం. కాబట్టి ఇకమీదట నంబర్లే: అన్నిటికంటే లావుది నాలుగో తీగ, దాని పక్కది మూడోది, తర్వాత రెండు, ఒకటి.

నాలుగో తీగ దగ్గర ట్యూనర్ యాప్ తడబడితే 12వ ఫ్రెట్ లోహపు కమ్మీకి సరిగ్గా పైన తీగను వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటండి. గంటలా పలికే పై స్థాయి స్వరం వస్తుంది, దాన్ని యాప్ సులువుగా పట్టుకుంటుంది. స్వరం పేరు మాత్రం మారదు. కావాల్సిన దానికంటే కిందికి దించి, అక్కడి నుంచి పైకి బిగిస్తూ వస్తే శ్రుతి ఎక్కువసేపు నిలుస్తుంది.

2. బేస్ ముట్టుకోకుండా పాట వినండి

కళ్లు మూసుకుని, ఇయర్‌ఫోన్స్‌లో. పాటను వదిలేసి కింద నడిచేదాన్ని మాత్రమే పట్టుకోండి. ఒక స్వరం ఎనిమిది దెబ్బలు, తర్వాతది ఎనిమిది, అలా నాలుగు. “తకధిమి తకజణు” అని నోటితో అంటూ విన్నారంటే ఒక్కో స్వరానికి ఒక్కో ఆవృత్తం సరిగ్గా పడుతుంది. మృదంగమో, కూచిపూడో కొన్నాళ్లు నేర్చుకుని మానేసినవాళ్లకు ఇక్కడ సగం పని అయిపోయినట్టే. ఈ ఊళ్లో అలాంటివాళ్లకు కొదవ లేదు.

స్వరాలను కూడా మనకు తెలిసిన పేర్లతో చెప్తాను. డీని షడ్జమంగా, అంటే రెండు శ్రుతి పెట్టుకుంటే, ఆ బేస్‌లైన్ మొత్తం ఇంతే: స, ప, ద, మ. స మధ్య స్థాయిలో, మిగతా మూడూ దాని కింద మంద్రంలో. ధైవతం చతుశ్రుతి, మధ్యమం శుద్ధం. తంబూరా యాప్ రెండు శ్రుతిలో పెట్టి ఈ నాలుగూ పాడి చూడండి. గొంతు అంత కిందికి వెళ్లకపోతే పై స్థాయిలోనే పాడండి. గొంతులోకి వచ్చిన వరుస చేతిలోకి త్వరగా వస్తుంది.

3. ఎడమచేయి: నాలుగు చోట్లు

- స, అంటే డీ: మూడో తీగ, 5వ ఫ్రెట్
- ప, అంటే ఏ: నాలుగో తీగ, 5వ ఫ్రెట్
- ద, అంటే బీ: నాలుగో తీగ, 7వ ఫ్రెట్
- మ, అంటే జీ: నాలుగో తీగ, 3వ ఫ్రెట్

వేలిని ఫ్రెట్ కమ్మీ మీద కాదు, దానికి కొద్దిగా వెనక, నట్ వైపున పెట్టాలి. గడి మధ్యలో పెడితే ఎక్కువ బలం కావాలి, అయినా జర్రుమంటుంది. మొదటి రెండు స్వరాలకూ చూపుడువేలు, ద కి ఉంగరపు వేలు. అక్కడిదాకా చెయ్యి కదలక్కర్లేదు. మ కోసం మాత్రం చెయ్యి మొత్తం 3వ ఫ్రెట్‌కి జరుగుతుంది, అక్కడ మళ్లీ చూపుడువేలే. ఉంగరపు వేలు అంతదూరం సాగకపోతే చిటికెన వేలు వాడండి, తప్పేం లేదు.

స నుంచి ప కి వెళ్లేటప్పుడు అందరికీ వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఫ్రెట్ అదే, తీగ మాత్రం మారుతుంది. మూడో తీగ ఇంకా మోగుతుండగానే నాలుగో తీగ మొదలై రెండూ కలిసి బురదగా వినిపిస్తాయి. వేలికొన నాలుగో తీగను నొక్కేటప్పుడు వేలిని కాస్త పడుకోబెట్టండి. లోపలి వైపు చర్మం మూడో తీగకు ఆనితే చాలు, అది ఆగిపోతుంది. నొక్కకూడదు, ఆనాలంతే.

4. కుడిచేయి: ఎనిమిది సమానమైన దెబ్బలు

బొటనవేలిని పికప్ (తీగల కింద శబ్దాన్ని పట్టుకునే పట్టీ) మీద ఆనించండి. చూపుడువేలు, మధ్యవేలు ఒకటి తర్వాత ఒకటి. తీగను పైకి లాగొద్దు. వేలు తీగను దాటి పక్క తీగ మీద వాలి ఆగాలి. నాలుగో తీగ మీద వాయించేటప్పుడు వాలడానికి తీగ ఉండదు, అప్పుడు బొటనవేలికి తగిలి ఆగుతుంది.

మెట్రోనోమ్ 60లో పెట్టండి. ఒక టిక్కుకు రెండు దెబ్బలు. ముందు స ఒక్కటే. విసుగొచ్చేదాకా స ఒక్కటే. మధ్యవేలి దెబ్బ చూపుడువేలి దెబ్బకంటే మెత్తగా పడుతుంటే గమనించండి, దాదాపు అందరికీ పడుతుంది. దానికి మందు ఒకటే: కొన్ని ఆవృత్తాలు మధ్యవేలితో మొదలుపెట్టండి. వేళ్లతో అసలు కుదరట్లేదంటే పిక్ (తీగ మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ల) వాడండి. రాక్‌లో పిక్‌తో వాయించే బేసిస్టులు ఎంతోమంది ఉన్నారు.

తర్వాత నాలుగు స్వరాలూ కలపండి. 60లో తడబాటు లేకుండా వస్తేనే 70. పాట అసలు వేగం 110, అంటే నిమిషానికి 220 దెబ్బలు. నాలుగు స్వరాల చుట్టు తొమ్మిది సెకన్ల లోపే తిరిగి వస్తుంది. విన్నప్పుడు నిదానంగా అనిపించే పాటే, కానీ చేతికి అంత నిదానం కాదు.

5. అతుకు దగ్గర ఆగి రిపేరు చేయండి

ఎక్కువమంది పాడుచేసేది స్వరాలను కాదు, ఒక స్వరం నుంచి ఇంకోదానికి మారే చోటును. ఎనిమిదో దెబ్బ పడగానే ఎడమచేయి కంగారుగా లేచిపోతుంది. దాంతో ఆ దెబ్బ సగంలో తెగుతుంది, తర్వాతి స్వరం అరవీసం ముందే పడుతుంది. “తకధిమి తకజ…త” అన్నట్టు. పాటతో వాయిస్తున్నప్పుడు ఇది తెలియదు, విడిగా వింటే స్పష్టంగా తెలుస్తుంది.

చుట్టంతా మళ్లీ మళ్లీ వాయిస్తే ఇది పోదు. అతుకును విడిగా తీయండి. ద ని చివరి రెండు దెబ్బలు మాత్రం వాయించి మ మొదటి దెబ్బ దగ్గర ఆగండి. “జ, ణు, త.” మూడే దెబ్బలు. 7వ ఫ్రెట్ నుంచి 3వ ఫ్రెట్‌కి జరగడం ఈ పాటలో ఉన్న ఒకే ఒక్క పెద్ద దూకుడు, కాబట్టి ముందు దీన్నే పట్టుకోండి. చేతిని గాల్లోకి లేపకండి. ఒత్తిడి వదిలి, తీగను తాకుతూనే జరగండి. కళ్లు ముందే 3వ ఫ్రెట్ మీద ఉండాలి. బయల్దేరిన చోటు చూస్తే లాభం లేదు, చేరాల్సిన చోటు చూడాలి. ఆ తర్వాత మ నుంచి స కి తిరిగిరావడం కూడా ఇలాగే.

6. పాటతో కలవండి

యూట్యూబ్‌లో వేగాన్ని 0.75 పెడితే శ్రుతి మారకుండానే పాట నిదానిస్తుంది, 110 కాస్తా 82 దగ్గరికి వస్తుంది. రెండు మూడు సార్లు అలా వాయించి అసలు వేగానికి రండి. మధ్యలో తప్పితే ఆగి మొదటికి వెళ్లొద్దు. చెయ్యి తీసేసి, లయ లెక్కపెట్టుకుంటూ, మళ్లీ స వచ్చినప్పుడు ఎక్కండి. స్టేజి మీదైనా చేసేది అదే కదా.

ఈ పాటలో నాకు బాగా నచ్చేది ఇక్కడే మొదలవుతుంది. మీ చేతిలో ఏమీ మారదు, అవే నాలుగు స్వరాలు. కానీ మీ పైన పాట నెమ్మదిగా పెద్దదవుతూ ఉంటుంది. మొదట గొంతు దాదాపు మాట్లాడుతున్నట్టే ఉంటుంది, పోనుపోను డ్రమ్స్ బలపడతాయి, గొంతు అరుపు దాకా వెళ్తుంది. అదంతా మీరు కింద వేసిన దాని మీదే నిలబడిందని వేళ్లకు తెలుస్తుంది. పాటను వందసార్లు విన్నవాళ్లకు కూడా ఇది కొత్తగానే ఉంటుంది. పాట పెరిగే కొద్దీ దెబ్బలో బలం కాస్త పెంచండి, వేగం పెంచకండి. గట్టిగా వాయించబోయి వేగంగా వాయించడం మనందరి జబ్బు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

వాయిస్తున్నప్పుడు మన చెవి మనకే ఓటేస్తుంది, దాన్ని నమ్మొద్దు. ఈ మూడు పరీక్షలు పెట్టుకోండి.

మొదటిది, రికార్డింగ్. స్పీకర్లో పాట పెట్టి, ఆంప్‌లో బేస్ వాయిస్తూ ఫోన్లో రికార్డ్ చేయండి. వెంటనే కాదు, మర్నాడు ఇయర్‌ఫోన్స్‌లో వినండి. మీ బేస్ విడిగా, పాట పక్కన నడుస్తున్నట్టు వినిపిస్తే ఇంకా పని ఉంది. పాటలో కలిసిపోయి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే సరిగ్గా వచ్చినట్టు. మిగతా వాద్యాల్లో వినపడకపోవడం లోపం, బేస్‌లో అది మార్కులు పడే చోటు.

రెండోది, వాల్యూమ్ పరీక్ష. పాటతో వాయిస్తుండగా ఎవరినైనా పాట వాల్యూమ్ పూర్తిగా తగ్గించమనండి. మీరు వాయిస్తూనే ఉండండి. రెండు చుట్లయ్యాక మళ్లీ పెంచమనండి. మీరూ పాటా ఒకే చోట ఉంటే లయ మీది. పాట వెనకబడి ఉంటే మీరు పరిగెత్తారు. చాలామంది పరిగెత్తేవాళ్లే.

మూడోది, తంబూరా. రెండు శ్రుతిలో పెట్టి స, ప నిలిపి వాయించండి. తంబూరాలో కరిగిపోవాలి. అలలు అలలుగా వణికితే తీగ శ్రుతి తప్పింది, లేదా మీరు మరీ గట్టిగా నొక్కి తీగను పక్కకు లాగుతున్నారు.

కొన్ని జాగ్రత్తలు

వేలికొనలు మండితే అది మామూలే, పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఆపండి. మణికట్టులోనో, ముంజేతిలోనో నొప్పి వస్తే మామూలు కాదు, ఆ రోజుకు ఆపేయండి. బేస్‌ని మోకాళ్ల దాకా వేలాడదీసి వాయించడం ఫొటోలకు బాగుంటుంది, మణికట్టుకు మాత్రం కాదు.

కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు ఆంప్ వాల్యూమ్ సున్నాలో ఉండాలి. కరెంటు పోతే వెంటనే ఆంప్ స్విచ్ ఆఫ్ చేయండి. మన ఎండల్లో బేస్‌ని కార్లో వదిలి వెళ్లొద్దు, మెడ వంగుతుంది. వాయించడం అయ్యాక తీగలను పొడిగుడ్డతో తుడవండి. చెమటతో తుప్పు పట్టిన తీగ శబ్దం చచ్చుబడిపోతుంది, బేస్ తీగల సెట్టు గిటార్ సెట్టంత చవక కాదు.

తర్వాతి పాట

అదే బ్యాండ్‌లో ఉండాలంటే 1991 నాటి ‘వన్’ తీసుకోండి. ఇది ఇంకా నిదానం. చరణానికి నాలుగో తీగ 5వ ఫ్రెట్, మూడో తీగ 5, నాలుగో తీగ 1, నాలుగో తీగ 3. వీటిలో మూడు చోట్లు మీకు ఇప్పటికే తెలుసు. ముందు స్వరానికి ఒక్క దెబ్బ వేసి నిలపండి, వరుస కుదిరాక రికార్డు వింటూ మిగతావి చేర్చుకోండి.

వైట్ స్ట్రైప్స్ బ్యాండ్ 2003లో విడుదల చేసిన ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ని కూడా అందరూ అడుగుతారు. ఆశ్చర్యమేమిటంటే ఆ బ్యాండ్‌లో బేసిస్టే లేడు. గిటార్ శబ్దాన్ని పెడల్‌తో ఒక స్థాయి కిందికి దించి వాయించారు. అయినా బేస్ మీద అద్భుతంగా కూర్చుంటుంది. మొత్తం మూడో తీగ మీదే, 7, 7, 10, 7, 5, 3, 2. మూడు శ్రుతిలో స స గ స ని ద ప. ఫ్రెట్లు సులువే, లయ కాస్త తిరకాసు. మొదటి స్వరం మీరనుకున్న దానికంటే ఎక్కువసేపు నిలుస్తుంది, కాబట్టి ముందు నోటితో అనండి.

ఏసీ/డీసీ అభిమానులైతే ‘హైవే టు హెల్’ చరణంలో బేస్ కోసం వెతికి వెతికి అలసిపోకండి. అక్కడ బేస్ లేదు, పల్లవిలో వస్తుంది. ఊరుకోవడం కూడా బేసిస్టు పనే. ఐరన్ మెయిడెన్, రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ అంటే ప్రాణం అనేవాళ్లు మాత్రం కొన్ని నెలలు ఓపిక పట్టాలి. మెయిడెన్ బేసిస్టు స్టీవ్ హారిస్ గుర్రపు పరుగు లాంటి దెబ్బలు, పెప్పర్స్ బేసిస్టు ఫ్లీ స్లాపింగ్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించడం) మొదటి పాఠాలు కావు.

మీ బ్యాండ్ పాటకు ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని నంబర్లతో రాసింది) ఇంటర్నెట్లో దొరుకుతుంది, కానీ అభిమానులు రాసి పెట్టే వాటిలో తప్పులు చాలా ఉంటాయి. ట్యాబ్‌ను సూచనగా తీసుకుని చెవితో సరిచూసుకోండి. నాలుగో తీగ మీద ఒక్కో ఫ్రెట్ పైకి జరుగుతూ పోతే పాటలోని స్వరం ఎక్కడో తగులుతుంది: ఖాళీ తీగ ఈ, 1 ఎఫ్, 3 జీ, 5 ఏ, 7 బీ, 8 సీ, 10 డీ. రికార్డులో ఉన్నట్టే రాలేదని మరీ బాధపడొద్దు కూడా. క్లేటన్ వేరే బ్యాండ్ పాట ఒకటి పట్టుకోబోతుంటే పుట్టిందే యూ2 ‘న్యూ ఇయర్స్ డే’ బేస్‌లైన్.

ట్యాబ్ సరిగ్గానే ఉండి, మీరూ సరిగ్గానే వాయిస్తూ, అయినా అంతా అర స్వరం పైన పలుకుతుంటే తప్పు మీది కాదు. చాలా రాక్ బ్యాండ్లు వాద్యాలను అర స్వరం దించి వాయిస్తాయి. గన్స్ ఎన్ రోజెస్ దానికి పేరు పడ్డ బ్యాండ్, యూ2 కూడా కొన్ని పాటలకు అలాగే చేస్తుంది. ట్యూనర్ చూస్తూ నాలుగు తీగలనూ ఒక ఫ్రెట్ అంత దించండి, ట్యాబ్‌లోని నంబర్లు అలాగే సరిపోతాయి. అయ్యాక మళ్లీ పైకి బిగించడం మర్చిపోతే మాత్రం రేపు ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పెట్టగానే తెలిసిపోతుంది.